గ్వాన్‌లాంగ్ నుదుట కుంకుమ

నా తోడికోడలు నన్ను మోసం చేసింది డైనోసార్ల విషయంలో. ఈ మాట చెబితే నాందేడ్‌లో నవ్వని మనిషి లేదు. నవ్వనివ్వండి. అదే నగల దగ్గర మోసపోయానంటే కుర్చీ దగ్గరకు జరుపుకొని మరీ వినేవాళ్లు.

మాది బట్టల కొట్టు. మా మామగారి తాతలు నిజామాబాద్ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, కొట్లో మరాఠీ, పండుగలు రెండు వైపులవీ. భాద్రపదంలో మహాలక్ష్ములను నిలబెడతాం. చీరలు కట్టిన ఇద్దరు అక్కాచెల్లెళ్ల విగ్రహాలు, వాళ్ల ముందు ఇద్దరు చిన్నపిల్లల బొమ్మలు. మొదటిరోజు రాక, రెండోరోజు భోజనం, మూడోరోజు సాగనంపడం. వాళ్ల ముందు ఏర్పాటు చేసే అలంకరణను ఆరాస్ అంటారు. రెండోరోజు సాయంత్రం ఆడవాళ్లంతా పసుపు కుంకుమకని ఇంటింటికీ తిరిగి, ఎవరి ఆరాస్ ఎట్లా ఉందో చూసి, ఎదురుగా మెచ్చుకొని, గుమ్మం దాటాక వంకలు పెడతారు. మా కాలనీ మహిళా మండలి బహుమతి కూడా ఇస్తుంది.

ఆ ఏడు ఆరాస్ పని నాకూ మా చిన్న తోడికోడలికీ పడింది. ప్రతి ఇంట్లోనూ అదే బావి, అదే ఎడ్లబండి చూసి చూసి విసిగిపోయి ఉన్నాను. టైరనోసార్లు పెడదామన్నాను.

దానికి కారణం మా కొట్టే. మధ్యాహ్నం పూట పిల్లల బట్టల వైపు మేమిద్దరం కూర్చుంటాం. అక్కడ చొక్కాల మీదంతా ఒకటే జంతువు, నోరు తెరిచిన టీ-రెక్స్. ఆ వంశంలో ఇంకెవరూ పుట్టనట్టు! నేను చదివింది జంతుశాస్త్రం. ఆ డిగ్రీ నా పెళ్లి మాటల్లో ఒకసారి పనికొచ్చి, తర్వాత బీరువా ఎక్కింది. బేరాలు లేని వేళల్లో ఫోన్‌లో చదువుతూ పోతే తెలిసింది, ఆ వంశం ఎంత పెద్దదో. నెత్తిన పల్చని కిరీటంలాంటి ఎముక ఉన్న గ్వాన్‌లాంగ్. ఒంటి మీద నూగులాంటి ఈకలున్న దీలాంగ్. ఊళ్లు తిరిగే మా ఎస్టీ బస్సుకు కాస్త తక్కువ పొడవుండి కూడా ఒళ్లంతా ఈకలే ఉన్న యూటిరానస్. కోల మూతి మీద వరసగా బుడిపెలున్న అలియోరామస్. నెలల తరబడి సూర్యుడు కనిపించని ఉత్తరాన బతికిన నానుక్‌సారస్. వీటిలో గ్వాన్‌లాంగ్ మరీ పాతది. దానికీ టీ-రెక్స్‌కీ మధ్య ఎంత కాలం గడిచిందో, టీ-రెక్స్‌కీ మనకీ మధ్య అంత గడవలేదు. సూటిగా తాత కాకపోవచ్చు, కానీ తాతల వరస.

ఈ సంగతి చెప్పినప్పుడు ఇంట్లో చెవి పెట్టి విన్నది మా చిన్న తోడికోడలు ఒక్కతే. ఆమె మా ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి ప్రతి తగాదాలో నా పక్కనే నిలబడింది. నేను గొంతు పెంచితే తను తగ్గించి అదే మాట చెప్పేది, పని జరిగేది. నాకు అక్కచెల్లెళ్లు లేరు. ఆ ఖాళీలో ఆమెను కూర్చోబెట్టుకున్నాను.

మా అత్తగారు మొదట ఒప్పుకోలేదు. "రాకాసి బొమ్మలు లక్ష్ముల ముందట పెడ్తరా? అక్కల్ ఉన్నదా మీకు?"

"రాకాసులు కాదత్తా, కోళ్లకు చుట్టాలు," అంది చిన్న తోడికోడలు.

"కోళ్లా? నైవేద్యం కాడ కోళ్లా?"

"ఈకలు ఉంటయి గంతే అత్తా. మేం దూదితోనే చేస్తం."

ఆవిడ నా వైపు తిరిగింది. "సరే, చేస్కోండ్రి. గని నువ్వు ముందల నిలబడొద్దు. వచ్చినోళ్లతోని వాదులాట పెట్టుకుంటవ్. చిన్నామె చెప్తది, నువ్వు లోపట వంట చూస్కో."

నేను ఒప్పుకున్నాను. నేనే! వాదించకుండా! మాట చిన్నామె నోట వచ్చినా నేను చెప్పినట్టే అనుకున్నాను.

పాత పేపర్లు, నానబెట్టి రుబ్బిన మెంతులు కలిపి ముద్ద చేసి బొమ్మలు చేశాం. మా అమ్మ పెళ్లప్పుడు ఇచ్చిన తలగడ విప్పి ఆ దూదిని పింజలుగా తీసి ఒంటికి అంటించాం. చాయ్ డికాక్షన్ పూస్తే దూదికి సరిగ్గా కోడిపిల్ల నూగు రంగు వచ్చింది. కొన్న ప్లాస్టిక్ టీ-రెక్స్ ఒకటుంది. అది వెనక మూలన ఉండాలని అనుకున్నాం. పని చేస్తూ ఆమెతో పేర్లన్నీ వల్లె వేయించాను. ముఖ్యమైన మాట ఒకటి మరీ మరీ చెప్పాను.

"మహాలక్ష్ముల ముందు పిల్లల బొమ్మలు చూసిన కండ్లు గదా. చిన్నయి కనపడంగనే పిల్లలా అని అడుగుతరు. నీ నోట్లె ముందుగాల కాదు అనే మాట రావాలె. తర్వాతనే ఏదైనా."

"ఒట్టక్కా," అని నా చేతి మీద మెంతి ముద్ద అంటిన చెయ్యి వేసింది.

పండుగ రెండోరోజు పొద్దున చూస్తే టీ-రెక్స్ మూలలో లేదు, నడుమ నిలబడి ఉంది. మెడలో బంతిపూల దండ. అత్తగారు జరిపారంది చిన్న తోడికోడలు. పండుగ పూట ఎందుకులే అని ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు అచ్చిరాదని అప్పటికే తెలిసుండాల్సింది.

సాయంత్రం నేను వంటింట్లో వచ్చినవాళ్లకు మసాలా పాలు కాస్తున్నాను. గోడ అవతలి నుంచి, వచ్చిన పెద్దావిడలను కాకూ అని పిలుస్తూ ఆమె గొంతు వినిపిస్తూనే ఉంది. "కాదు కాకూ, ఇది అన్నిటికన్నా ముందుది," అని మరాఠీలో చక్కగా చెప్పింది. "హో కా?" అన్నారెవరో. అంటే, అవునా అని. చెప్పులు వేసుకుంటున్న చప్పుడు. తర్వాత వచ్చిన వాళ్లదీ అదే "హో కా", అవే చెప్పులు. అయినా నాకు కడుపు నిండింది.

అప్పుడు మహిళా మండలి అధ్యక్షురాలు వచ్చింది, వెనక పరివారంతో.

"అగబాయీ, కిత్తీ గోడ్! హీ సగ్ళీ పిల్లం కా?" ఎంత ముద్దుగా ఉన్నాయో, ఇవన్నీ పిల్లలేనా అని.

నేను గరిటె ఆపాను.

"హో కాకూ," అంది నా తోడికోడలు, అవునని. "ఇవన్నీ పిల్లలే. నడుమ ఉన్నది నాన్న. ఈ ఈకలున్న పెద్దది అమ్మ." ఇంకా చెప్పుకుపోయింది. దీలాంగ్ అన్నిటికన్నా చిన్నది కాబట్టి అందరికీ గారాబమట. ఆ కథ నేను నేర్పింది కాదు. తనే అప్పటికప్పుడు అల్లింది.

గరిటెతోనే బయటికి వచ్చాను. "ఇవి పిల్లలు కావు," అన్నాను మరాఠీలో. "ఆ కిరీటం ఉన్నది ఈ నడుమ ఉన్నదాని కంటే కోట్ల ఏళ్లు ముందుది."

అధ్యక్షురాలు నవ్వింది. "వహినీ, సణాచ్యా దివశీ భాండణ్ నకో." వదినా, పండుగపూట కొట్లాట వద్దు. అంతా నవ్వారు. నన్ను గుచ్చింది వాళ్ల నవ్వు కాదు. నా తోడికోడలు నా భుజం మీద చెయ్యి వేసి, వాళ్ల వైపే చూస్తూ, "అక్కాంచం అసంచ్ అసతం," అంది. అక్కది ఎప్పుడూ ఇంతే. నా తరఫున క్షమాపణ!

అధ్యక్షురాలు ముచ్చటపడి గ్వాన్‌లాంగ్ నుదుట ఇంత కుంకుమ పెట్టింది. నేను లోపలికి వెళ్లాను. పాలు పొంగిపోయి ఉన్నాయి.

బహుమతి మాకే వచ్చింది, ఒక కుక్కర్. ఆరాస్‌కు వాళ్లు పెట్టిన పేరు సుఖీ కుటుంబం. వాళ్లు తీసిన ఫొటోలో కుక్కర్, టీ-రెక్స్, నా తోడికోడలు.

మూడోరోజు లక్ష్ములను సాగనంపాక బొమ్మలు సర్దడానికి ఇద్దరం కూర్చున్నాం.

"మర్చిపోయినవా?" అన్నాను.

"లేదక్కా."

"మరి?"

"నిజం చెప్తె హో కా అని పోతున్నరు. మన మెహనత్ మీద ఒక్కళ్లన్న నిలబడ్డరా? పిల్లలు అనంగనే కూసున్నరు, ఫొటోలు దీస్కున్నరు. బహుమానం మనిద్దరికి అచ్చింది గదా."

"ఇద్దరికా? ఫొటోల నేనెక్కడున్న?"

"నువ్వు లోపటికి పోయినవ్ గద అక్కా."

"ఎందుకు పోయిన్నో తెల్వదా నీకు?"

ఆమె డబ్బాలు దగ్గరకు జరుపుకుంది. ఒక్కో బొమ్మకూ పాత చీర ముక్క చుట్టసాగింది. చుడుతూ, దేన్ని ఏ డబ్బాలో పెట్టాలో తనకు తాను చెప్పుకుంటోంది. దీలాంగ్. అలియోరామస్. నానుక్‌సారస్. ఒక్క అక్షరం తప్పు పోలేదు. మర్చిపోయి ఉంటే మళ్లీ నేర్పేదాన్ని.

గ్వాన్‌లాంగ్‌ను మాత్రం ఆమె చేతిలోంచి తీసుకున్నాను. కుంకుమ తుడవబోతే దూది ఊడి వచ్చింది. ఆపేసి, అట్లాగే కొట్టుకు తెచ్చి పిల్లల బట్టల వైపు బల్ల మీద పెట్టాను. ఇప్పటికీ అక్కడే ఉంది, ఎర్ర బొట్టుతో. టీ-రెక్స్ చొక్కా కొనడానికి వచ్చిన ప్రతి తల్లీ దాన్ని చూసి, ఇది దాని పిల్లా అని అడుగుతుంది.

"కాదు," అంటాను. తర్వాతే బేరం.

నా తోడికోడలు పక్కనే కూర్చొని చొక్కాలు మడత పెడుతుంటుంది. వింటుంది. తలెత్తదు.