ఇంటికి ఒక్కటే కూపన్

మా మామయ్యకు షరతుల పిచ్చి. బహుమతి కూపన్ చేతికొస్తే బహుమతి ఏమిటో చూడడు. వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న షరతుల్ని భూతద్దం పెట్టి మూడుసార్లు చదువుతాడు. నల్ల సిరా అంటే నల్ల సిరానే. మడవకూడదని ఉంటే కూపన్‌ని రెండు అట్టల మధ్య పెట్టి, బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వెళ్లి లక్కీ డ్రా డబ్బాలో వేసి వస్తాడు.

"చిన్న తప్పు దొరికితే చాలురా, పక్కన పారేద్దామని కాచుక్కూచుంటారు వాళ్లు!" అనేవాడు. పాతికేళ్లలో ఆయనకు తగిలిన బహుమతి ఒక దువ్వెన. అదీ బట్టతల వచ్చాక.

అలాంటి మనిషి మీద అత్తయ్యకు అనుమానం వచ్చింది. ఓ ఉదయం నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి తలుపేసింది.

"మీ మామయ్య సంచిలో రెండు కూపన్లున్నాయిరా."

"ఉంటే?"

"షరతు చదువు. ఇంటికి ఒక్కటే! ఆయన చచ్చినా షరతు తప్పడు. రెండు తెచ్చాడంటే..." అత్తయ్య రెండు వేళ్లు చూపించింది. "రెండో ఇల్లున్నట్టే కదా!"

నవ్వబోయి ఆగాను. లెక్క సరిగ్గానే ఉంది. పైగా నాలుగు నెలలుగా మామయ్య రోజూ ఒకే ఒక్క చొక్కా ఇస్త్రీకి పట్టుకెళ్లి, గంట తర్వాత గానీ రావడం లేదు.

ఆ సాయంత్రం ఇద్దరం వెంటపడ్డాం. మామయ్య సందు చివర ఇస్త్రీ దుకాణంలో దూరాడు. మేం కిటికీ పక్కన నక్కాం. దుకాణం నడిపే ముసలావిడ బల్ల మీద కూపన్ పెట్టుకుని, కలాన్ని గరిటెలా పట్టుకుని చెమటలు కక్కుతోంది. అత్తయ్య కాస్త ఊపిరి పీల్చుకుంది.

"మీరే నింపి పెట్టొచ్చుగా సార్?"

"ఎవరి కూపన్ వాళ్లే స్వయంగా నింపాలి. నాలుగో షరతు. మరి ఇన్నాళ్లూ అక్షరాలు దిద్దించింది ఎందుకమ్మా?"

బహుమతి కుట్టుమిషను. ఆవిడ కూతురికి కుట్టుపని వచ్చు, మిషనే లేదు.

పేరు రాసింది. ఇంటి నంబరు రాసింది. వీధి పేరులో ఆఖరి అక్షరం గడి దాటింది.

"దిద్దకండి!" అని మామయ్య కేక పెట్టాడు. "గడి దాటినా చెల్లదు, కొట్టివేతలున్నా చెల్లదు."

"ఇవాళే ఆఖరు రోజు కదా సార్," అంది ఆవిడ. కళ్లలో నీళ్లు తిరిగాయి.

మామయ్య భూతద్దం తీసి షరతులు మళ్లీ చదివాడు. తర్వాత అట్టల మధ్య నుంచి మా ఇంటి కూపన్ తీసి ఆవిడ ముందు పెట్టాడు.

"ఇందులో ఇంకా పేరు రాయలేదు. కాబట్టి ఎవరిదీ కాదు. షరతులన్నీ చూశాను. రాయండి, గడిలోనే."

పాతికేళ్లలో ఒక్క డ్రా కూడా వదలని మనిషి! నాకు ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది. అత్తయ్య గట్టిగా ముక్కు చీదింది. ఆ చప్పుడుకు ఇద్దరం దొరికిపోయాం.

"మరి మన కూపనో?" అంది అత్తయ్య, ఏమనాలో తోచక.

"పోతే పోయింది. ఇంతకీ మీరిద్దరూ ఇక్కడేం చేస్తున్నారు?" అన్నాడు మామయ్య అనుమానంగా.

కుట్టుమిషను ఇంకెవరికో పోయింది. కానీ ఆ మరుసటి నెల మామయ్య తన కొత్త కూపన్ గర్వంగా చూపించబోతే, ఇస్త్రీ దుకాణం ముసలావిడ భూతద్దం అడిగి పుచ్చుకుని పైనుంచి కింది దాకా చదివింది.

"తేదీ వెయ్యలేదు సార్. పక్కన పారేస్తారు."

మామయ్య ఇంటికి పరుగెత్తుకొచ్చి ఆ మాట మాకు మూడుసార్లు చెప్పాడు. దువ్వెన వచ్చిన రోజున కూడా ఆయన అంత మురిసిపోలేదు.