చుక్కా స్టారూ, మా ఇంటి మర్యాద

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి ఒకటుందని ఒప్పుకోవడం కన్నా ఉద్యోగం పోగొట్టుకోవడమే గౌరవంగా కనిపించేది. (పోవడానికి ఆ ఉద్యోగమొక్కటే మిగిలింది, భూములు తాత హయాంలోనే పోయాయి.) వనపర్తిలో వెబ్‌సైట్లు చేసే చిన్న ఆఫీసులో చేరిన రెండో నెలలో, గద్వాల చీరలు నేయించే ఒక పెద్దాయన సైటు నా చేతికొచ్చింది. అదే రోజు మధ్యాహ్నం ఆయన వచ్చి చూసి మెచ్చితే నా కొలువు ఖాయం, లేకపోతే ఇంటికే.

పని చిన్నదే. చూసేవాళ్లు కొట్టిన చిరునామా పట్టు చీరలదైతే ఆ పేజీకి, నూలు చీరలదైతే ఈ పేజీకి పంపాలి. ‘చిరునామా ఈ రూపంలో ఉంటే ఇటు, లేకపోతే కింది షరతు చూడు’ అని వరసగా రాసుకుంటూ పోవడమే. ఆ రూపాన్ని చెప్పే గుర్తులను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లంటారు. చుక్క పెట్టి పక్కన స్టార్ పెడితే, ఏ చిరునామా అయినా సరే రమ్మన్నట్టు. దారి తప్పినవాళ్లను స్వాగతం పేజీకి చేర్చడానికి అదీ ఒకటి రాశాను. తాత రోజుల్లో మా ఇంటికి వచ్చినవాళ్లందరినీ ‘రండి’ అనే మనిషి సింహద్వారం దగ్గరే నిలబడేవాడట. అందుకని ఆ షరతును అన్నిటికన్నా పైన పెట్టాను. మర్యాద మర్యాదే కదా!

ఇక చూడండి. పట్టు చీర నొక్కితే స్వాగతం. నూలు చీర నొక్కితే స్వాగతం. పట్టు షరతు మూడుసార్లు తిరగరాశాను, కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాను, స్వాగతమే. పక్క కుర్చీలోంచి ఆపా (ఉర్దూలో అక్క అని; మా సీనియర్, ఆఫీసులో అందరికీ ఆపాయే) “ఏంది తమ్మీ, పరేషాన్‌ల ఉన్నవ్? జర నన్ను చూడనియ్యి” అంది. “అవసరం లేదండి” అన్నాను, మెడ తిప్పకుండా.

పెద్దాయన చెప్పిన వేళకన్నా ముందే దిగాడు. నాలుగుసార్లు నొక్కి చూసి, “స్వాగతం మంచిగనే ఉంది బిడ్డా. గడప కాడనే నిలబెడితివి. చీరలెప్పుడు సూపిస్తవ్?” అన్నాడు.

లేచి ఆపా దగ్గరికి వెళ్లి, నిటారుగా నిలబడే, “ఆపా, నాకు తెల్వదు” అన్నాను. ఆమె వచ్చి తెర చూసి నవ్వింది. “ఇది పైకెల్లి కిందికి చదువుకుంట వస్తది తమ్మీ. ఏది ముందు కుదిరితే ఆడనే ఆగిపోతది. అందర్ని రమ్మనెటోన్ని ముందు నిలబెడితే ఎన్కున్నోళ్ల దాంక ఎవరొస్తరు? ఆఖరుకు పెట్టు.” అంటూనే ఆ షరతును అడుగుకు దించింది. ఈసారి నొక్కగానే కుంకుమ రంగు అంచు తెరంతా పరుచుకుంది. “ఇది మా కోడలు నేసింది” అని పెద్దాయన ఆ అంచును వేలితో తడిమాడు.

కొలువు నిలిచింది. ఆ పూట నేను ఎంత బిగుసుకుని నా కుర్చీకి తిరిగి వెళ్లానో ఆపా ఇప్పటికీ నడిచి చూపిస్తుంది. అప్పటి నేనైన ఆ కుర్రాడి భుజం మీద ఒక్కసారి చెయ్యి వేయాలనిపిస్తుంది నాకు. వాడు వేయనిస్తేగా!