మల్లవ్వ తల్లి కుట్టిన జెండా

మా నాచారంలో చంద్రయ్య పాతకాలపు జెండాలకు నకళ్ళు కుట్టేవాడు. నిజాం నాటి పసుపు జెండా, రాట్నం ఉన్న మూడు రంగుల జెండా, ఏది అడిగినా సరే. దాచుకునేవాళ్ళకు పలుచని నూలుగుడ్డ. ఆరుబయట ఎగరేసేవాళ్ళకైతే గట్టి గుడ్డ, గాలికి కొట్టుకునే అంచుకు మడత మీద మడత. పాతగా కనిపించడానికి టీ డికాక్షన్‌లో నానబెట్టి ఎండలో ఆరేసేవాడు. పనిమంతుడే, కాదనను. కానీ పక్కింటిదాన్ని కదా, ఆ పని మీద అతనికున్న మురిపెం చూసి నాకు ఒళ్ళు మండేది. దారిన పోయేవాళ్ళను ఆపి మరీ "అసలేదో నకలేదో జెప్పు సూద్దాం" అనేవాడు.

అతని భార్య మల్లవ్వ ట్రంకుపెట్టెలో ఒక అసలు జెండా ఉండేది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా హైదరాబాదు ఇంకా నిజాం చేతిలోనే ఉన్న రోజుల్లో, ఆమె తల్లి తలుపులు మూసుకుని కుట్టిన రాట్నం జెండా. అందులో ఆకుపచ్చ పట్టీ ఆవిడ పెళ్ళిచీరలోది. మల్లవ్వకు మాటలు రాకముందే తల్లి పోయింది. ఫొటో లేదు, ముఖం గుర్తు లేదు. ఉన్నవి ఆ కుట్లే. ఏటా పంద్రాగస్టుకు జెండాను ఒళ్ళో పరుచుకుని వేలితో తడుముకునేది.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఏడు, నారపల్లిలో ఒక ప్లాట్ల వెంచర్ వాళ్ళు గేటు ముందు ఎగరేయడానికి రాట్నం జెండా అడిగారు. నమూనాకు పెట్టెలోది ఇమ్మని చంద్రయ్య బతిమాలాడు.

"మల్ల పెట్టెలనే పెడ్తనే. నా మీద నమ్మకం లేదా?"

మనసొప్పకపోయినా ఇచ్చింది. అతను మిషన్ ముట్టకుండా చేత్తోనే కుట్టాడు. అచ్చం అత్తగారి వంకర కుట్టే. గట్టి గుడ్డా అంచు మడతలూ వాడితే పాతదానిలా ఉండదని ఆ రెండూ మానేశాడు. రెండింటినీ ఒకేసారి ఇస్త్రీ చేసి, ఒకటి పెట్టెలో పెట్టి, ఒకటి నారపల్లికి పంపాడు.

పంద్రాగస్టు పొద్దున మల్లవ్వ పెట్టె తెరిచి, జెండాను ముఖానికి ఆనించుకుంది.

"గిదేంది, చాయ వాసనొస్తున్నది?" అంది.

చంద్రయ్య చొక్కా తగిలించుకుని ఆటో కోసం పరుగెత్తాడు. ముగ్గురం ఆటోలో నారపల్లికి పోయాం. రెండు నెలల గాలివానలకు జెండాకొయ్య దగ్గర సగం గుడ్డే మిగిలింది. ఆకుపచ్చ పట్టీ ఎప్పుడో కొట్టుకుపోయిందని వాచ్‌మన్ చెప్పాడు. మల్లవ్వ ఆ ప్లాట్లన్నీ తిరిగి, రాళ్ళ సందుల్లో, ముళ్ళకంపల్లో వెతికింది. ఆ ఏడుపు పగవాళ్ళకు కూడా వద్దు తల్లీ.

ఇంటికొచ్చాక చంద్రయ్య సూదిలో దారం ఎక్కించాడు.

"మిగిలింది గిటియ్యి. మీ అమ్మ కుట్టినట్టే కుడ్త. జరంత గూడ తేడా రానియ్య."

మల్లవ్వ ఆ గుడ్డముక్కను రొమ్ముకు అదుముకుని వెనక్కి జరిగింది.

"వద్దు," అంది. "నువ్వు ముట్టుకుంటే ఇందుల మా అమ్మ ఏదో, నువ్వేదో నాకు తెల్వకుంట పోతది."