పాట దించడం నేర్పినందుకు

నన్ను దొంగ చదువు చెప్పే మనిషి అన్న ఆయన గుడియాత్తంలో ఇంకా దుకాణం నడుపుతున్నాడో లేదో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. ఆయన ఆ మాట అన్నప్పుడు తరగతిలో ఎనిమిది మంది ఉన్నారని, వాళ్ళలో ఇద్దరు నవ్వారని మాత్రం మరిచిపోలేదు.

వీధికో కంప్యూటర్ సెంటర్ లేస్తున్న రోజులవి. నేను తమిళనాడులోని వేలూరు తొరపాడి నుంచి రోజూ బస్సెక్కి గుడియాత్తం వెళ్ళి, ఒక మేడ మీది సెంటర్‌లో కొత్తవాళ్ళకు పాఠం చెప్పేదాన్ని. నా మొదటి ఉద్యోగం. కొత్తవాళ్ళంటే నిజంగానే కొత్తవాళ్ళు. మౌస్‌ను టీవీ రిమోట్‌లా ఎత్తి తెర వైపు చూపించేవాళ్ళు. ఫైలు, ఫోల్డరు అనగానే ఆవలింతలు. ఒకరోజు విసుగెత్తి, ఇంటర్నెట్‌లో ఒక సినిమా పాట వెతికి దించి చూపించాను. ఫోను లైను మీద నడిచే ఇంటర్నెట్ కాబట్టి పాట దిగడానికి అరగంట పట్టింది. ఆ అరగంటలో ఒక్కరూ ఆవలించలేదు. వెతకడం, టైపు చేయడం, దాచడం, దాచింది ఎక్కడుందో కనుక్కోవడం అన్నీ ఆ ఒక్క పాటతో వచ్చేశాయి. యజమాని సంతోషించి, ఆ పాఠం వారానికి రెండుసార్లు పెట్టమన్నాడు. చట్టం ఏమంటుందో ఆయన అడగలేదు. నేనూ అడగలేదు.

అడిగింది ఒక్క మేస్త్రీ. ఇళ్ళు కట్టే తెలుగాయన. ఇకమీదట ప్లాన్లన్నీ కంప్యూటర్‌లోనే వస్తాయని ఎవరో చెబితే భయపడి చేరాడు.

"టీచరమ్మా, ఈ పాట ఎవురిది?"

"సినిమా వాళ్ళది."

"వాళ్ళని అడిగినారా?"

"ఇందులో ఎవరూ అడగరు."

"అదెట్లమ్మా? ఒగ మేస్త్రీ కట్టిన ఇంటి ముందరి భాగం మాదిరే తన ఇంటికీ కావాలంటాడు ఇంగొగాయన. కడతాము. కానీ ముందు ఆ మేస్త్రీ ఇంటికి పోయి, వక్కాకు పెట్టి, చెప్పేసి వస్తాము. చెప్పకుండా కడితే వాడు మళ్ళా మన మొగం చూడడు."

నాకు నవ్వొచ్చింది. "ఎవరికివ్వాలో తెలిస్తే మీరే ఇచ్చేయండి" అన్నాను. నేను చేసిన పొరపాటు అదే. ఆయన దాన్ని పాఠంలో భాగం అనుకున్నాడు.

మా సెంటర్ కింద ఒక రికార్డింగ్ దుకాణం ఉండేది. కావలసిన పాటలు కాగితం మీద రాసిస్తే, ఖాళీ కేసెట్‌లోకి ఎక్కించి ఇచ్చేవాడు దుకాణాయన. ఊళ్ళో పాటలు పుట్టే చోటు మేస్త్రీకి తెలిసి అదొక్కటే. మరునాడు పళ్ళెంలో వక్కాకు పెట్టుకుని వెళ్ళాడు.

"అప్పా, మీ పాటలు మేము మేడ మీద దించుకుంటా ఉండాము. మనసులో పెట్టుకోవద్దు."

దుకాణాయన పాటలకు కన్నతండ్రిలా వక్కాకు అందుకున్నాడు. అది నములుతూనే మేడెక్కి మా తరగతిలోకి వచ్చాడు.

"ఏమమ్మా, చదువుకున్న దానివి. ఇట్ల తిరుట్టు చదువు, దొంగ చదువు చెప్పొచ్చునా?"

"మీరు కేసెట్లు ఎక్కించేటప్పుడు ఎవరిని అడిగారు?"

"నేను ఒరిజినల్ ఒగటన్నా కొంటాను తల్లీ. నువ్వు అది కూడా కొనవే."

అప్పుడే ఆ ఇద్దరూ నవ్వారు. ఆ ఒక్క ఒరిజినల్ కేసెట్ ఈరోజుకీ నా గొంతుకు అడ్డం పడుతోంది.

"నేను మంచికే చెప్పినానమ్మా" అన్నాడు మేస్త్రీ, ఖాళీ పళ్ళెం చేత్తో పట్టుకుని.

మా సెంటర్ అద్దెకున్న ఆ మేడ దుకాణాయన బావమరిదిది. అందువల్ల న్యాయం త్వరగా తేలింది. సెంటర్ యజమాని నన్ను పక్కకు పిలిచాడు.

"తప్పయిందని కిందికి పోయి ఒగ మాట చెప్పేయమ్మా. నీ ఉద్యోగం ఉంటాది."

"పాట పాడినామె వస్తే చెబుతాను. ఈయనకెందుకు?"

"ఆమె యాడొస్తాదమ్మా గుడియాత్తానికి?"

"రాకపోతే చెప్పేది లేదు."

రేపటి దాకా ఆలోచించుకోమన్నాడు. తిరుగు బస్సులో ఆలోచించాను. చట్టం ముందు ఆయనా నేనూ ఒకే బెంచీ మీద కూర్చోవాల్సినవాళ్ళమే. అడగకుండా ఎక్కించిన పాటలను అమ్ముకుంటున్నాడు కాబట్టి ఆయన కాస్త ముందు కూర్చోవాలి. అంతవరకు నాకు సుఖంగానే ఉంది. మేస్త్రీ ప్రశ్న మాత్రం సుఖంగా లేదు. పాట ఎలా వెతకాలో, ఎక్కడ దాచాలో ఎనిమిది మందికి నేర్పాను. దాని వెనక ఎవరో కష్టపడ్డారని ఒక్కరికీ చెప్పలేదు. ఫైలు అంటే ఏమిటో తెలియనివాళ్ళు, నేను చూపించిందే పద్ధతి అనుకుంటారు కదా.

మరునాడు తరగతిలో చెప్పాను. "ఈ పాఠం అడగకుండా తీసుకునే పాఠం. మీకు ముందే చెప్పి ఉండాల్సింది. తప్పు నాది."

గుమ్మం దగ్గర నిలబడి వింటున్న యజమాని ముఖం వికసించింది. "అదేనమ్మా, అదే మాట కింద గూడా చెప్పేసిరా."

నేను వెళ్ళలేదు. ఆ నెల తర్వాత నా కుర్చీలో వేరే ఆమె కూర్చుంది.

కొన్నాళ్ళకు కాట్పాడి స్టేషన్‌లో మేస్త్రీ కనబడ్డాడు. కొత్తామె కూడా మళ్ళీ పాటల పాఠమే చెబుతోందట. ఆమె తెలివైనది. చేరిన రోజే కింది దుకాణానికి వెళ్ళి, తప్పయిందని ముందుగానే చెప్పి వచ్చిందట.

"మీరూ దించుకుంటున్నారా?" అని అడిగాను.

"నేను మానేసినాను టీచరమ్మా. ఇంట్లో రేడియో ఉండాది కదా" అన్నాడు.