పుంగనూరు వదిన కాల్చిన బ్రెడ్డు

మొన్న ఆదివారం మా కోడలు ఒక అట్టపెట్టె విప్పింది. లోపల నల్లగా నిగనిగలాడే కరెంటు శాండ్‌విచ్ మెషిను. ప్లగ్గు పెడితే ఎర్రలైటు, వేడెక్కాక పచ్చలైటు. మదనపల్లెలో మా వంటింటి గట్టు మీద ఇప్పటికే మిక్సీ, గ్రైండరు, ఇండక్షన్ స్టవ్వు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. కొత్తగా వచ్చినదానికి చోటు చెయ్యడానికి నా పోపులపెట్టె కిటికీ అంచుకు వలసపోవలసి వచ్చింది. ఆ సర్దుబాటంతా అయ్యాక కోడలు ఫోనులో ఎవరో వంట చేసి చూపిస్తుంటే కాసేపు చూసి, "అత్తా, వీళ్ళు చెప్పేటివి ఒక్కటీ మనింట్లో లేవే. దీంట్లో ఏం పెట్టల్ల?" అని అడిగింది. నేను ఆలోచించను కూడా లేదు. "పొద్దున ఉడకేసిన అలసందలు మిగిలుండాయి కదా. రెండు ఉర్లగడ్డలు ఉడికించి వాటితో మెదుపు. ఎర్రగడ్డ సన్నగా తరుగు. బ్రెడ్డుకు లోపలపక్క ఊరిబిండి పుయ్యి" అన్నాను. మా మాటలో ఉర్లగడ్డంటే బంగాళదుంప, ఎర్రగడ్డంటే ఉల్లిపాయ, చెనిక్కాయలంటే వేరుశనగలు. వేయించిన చెనిక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు కలిపి రుబ్బే ఆ పచ్చడి మా వైపు లేని ఇల్లుండదు. సంకటికీ, దోసెకూ, అన్నానికీ అదే దిక్కు. కోడలు అనుమానంగానే చేసింది. మా అబ్బాయి మాత్రం ఒకటి తిని, ఇంకోటి తిని, మూడోదాని కోసం మెషిను పక్కనే నిలబడ్డాడు. "ఇది నీకెట్ల తెలుసత్తా?" అంది కోడలు. "మీ మామకు అక్క ఉండాది కదా, పుంగనూరులో. ఆమె నేర్పించింది" అన్నాను. ఇంకా చెప్పబోయేలోపల పచ్చలైటు వెలిగి, కోడలు మెషిను వైపు తిరిగింది. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

నా పెళ్ళయిన రెండో ఏడాదే నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. వచ్చిందని ఇంటిల్లిపాదీ సంతోషించారు. ఎక్కడని చూసుకున్నాక సంతోషం కొంచెం తగ్గింది. కుప్పం అవతల, తమిళనాడు సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక పల్లెటూరి హైస్కూలు. మా ఆయనకు మదనపల్లెలో విత్తనాల అంగడి. టమోటా రైతులు నారు పోసే కాలంలో ఆయనకు అన్నం తినే తీరిక కూడా ఉండదు, ఇక ఊరు మారడమన్న మాటే లేదు. అప్పటికి మా అబ్బాయి తప్పటడుగులు వేస్తున్నాడు. వాణ్ని మా అత్త దగ్గర వదిలి, కుప్పంలో ఒక గది అద్దెకు తీసుకుని, సోమవారం తెల్లవారక ముందే బస్సెక్కడం, శనివారం బడి వదలగానే తిరుగు బస్సెక్కడం నా బతుకైపోయింది. వి.కోట, బైరెడ్డిపల్లె, పలమనేరు, గంగవరం, పుంగనూరు, ఆ తర్వాత మదనపల్లె. ఆ దారిలో ఏ మలుపు దగ్గర బస్సు ఎటు ఒరుగుతుందో నిద్రలో కూడా నా ఒంటికి తెలిసిపోయేది. గదిలో నేను వండుకున్నది తక్కువ. పొద్దున టీ, మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఎవరైనా పెడితే ఒక ముద్ద, సాయంత్రం మళ్ళీ టీ, రెండు బిస్కెట్లు. ఒక్కదాని కోసం పంపు స్టవ్వు ముట్టించి, దానితో కుస్తీ పట్టి అన్నం వండాలంటే ప్రాణం ఒప్పేది కాదు. బిడ్డ అక్కడ ఏం తింటున్నాడో అని దిగులు పడేదాన్ని గానీ నేనేం తింటున్నానో నాకే పట్టేది కాదు.

వదిన ఇల్లు పుంగనూరు బస్టాండుకు దగ్గర. ఆమె మా ఆయనకంటే వయసులో పెద్దది. భారీ మనిషి, అంతకంటే భారీ గొంతు. ఇంటి ముందుగదిలో రవికెల గుడ్డలు, లోపావడాలు, ఫాల్సు అమ్మే చిన్న అంగడి నడిపేది. కొనడానికి వచ్చినవాళ్ళతో ఒకపక్క బేరం, ఇంకోపక్క మిషన్ మీద కుట్టుపని. పెళ్ళయిన కొత్తలో ఆడబిడ్డ అంటే నాకు అందరికీ ఉండే భయమే ఉండేది. పైగా ఆమె పలకరింపు కూడా దెబ్బలాటకు వచ్చినట్టే ఉండేది. ఒక శనివారం పుంగనూరు బస్టాండులో బస్సు ఆగింది. కిటికీకి తల ఆనించి కూర్చున్నాను. ఎవరో బయట నుంచి కిటికీ రేకు మీద దబదబా కొడితే ఉలిక్కిపడి చూశాను. వదిన. చేతిలో కాగితపు పొట్లం. "పట్టుకోమ్మే, సెయ్యి కాలతాది, కొంగుతో పట్టుకో" అని కిటికీలోంచి లోపలికి తోసింది. విప్పితే బ్రెడ్డు. నాకు చప్పున అర్థం కాలేదు. మా ఇళ్ళల్లో బ్రెడ్డంటే జ్వరమొచ్చినవాళ్ళు పాలల్లో ముంచుకుని తినేది. ఎవరింట్లోనైనా బ్రెడ్డు ప్యాకెట్టు కనబడితే "ఎవరికి బాగలేదు?" అని అడగడం మర్యాద. నేనంత జబ్బుమనిషిలా కనిపిస్తున్నానా అనుకున్నాను. కానీ ఇది పాలల్లో ముంచే బ్రెడ్డు కాదు. నాలుగంచులూ మూసుకుపోయి, పైన గీతలు పడి, ఎర్రగా కాలి, నెయ్యి వాసన కొడుతోంది. కొరికితే లోపల అలసందలు, ఉర్లగడ్డ, కొత్తిమీర, ఊరిబిండి కారం. గంగవరం దాటేటప్పటి నుంచి కడుపులో తిరుగుతున్న మంట మాట మరిచిపోయి, మదనపల్లె వైపు ఊరు దాటేలోపల మొత్తం తినేశాను.

ఆ తర్వాత ప్రతి శనివారం అదే. వదినకు ఎవరో పెళ్ళిలో ఇచ్చిన ఒక టోస్టరుండేది. రెండు రేకు పలకలు, పొడుగాటి పిడులు. మధ్యలో బ్రెడ్డు పెట్టి, పిడులు దగ్గరికి నొక్కి, కొక్కెం తగిలించి, మంట మీద అటూ ఇటూ తిప్పాలి. వదిన దానికి పటకారు అని పేరు పెట్టింది. అంగట్లో జనం ఉన్నప్పుడు వంటకు లేచే వీలుండదు గనక, ఇంట్లో ఏ కూర మిగిలితే దాన్ని పటకారులో పెట్టి బిగించడం ఆమెకు అలవాటైపోయింది. బీన్సు కూర, క్యాబేజీ, గుడ్డు పొరటు, ఆఖరికి ఒకసారి గుత్తివంకాయ కూడా. బస్సు కొంచెం ముందొచ్చినా, వెనకొచ్చినా ఆమె పొట్లం వేడిగానే ఉండేది. ఎలా లెక్క కట్టేదో నాకిప్పటికీ తెలియదు. ఆ బస్సు కండక్టరుకు కూడా ఆ వాసన అలవాటైంది. వదిన రావడం ఒక్క నిమిషం ఆలస్యమైతే డ్రైవరుతో, "ఉండన్నా, ఆ పెద్దమ్మ రాలేదింకా" అని బస్సు ఆపించేవాడు. కొన్నాళ్ళకు వదిన వాళ్ళిద్దరికీ కూడా ఒక పొట్లం తేవడం మొదలుపెట్టింది.

అయితే వారానికొక పూట తిండితో ఒళ్ళు నిలబడదు కదా. ఒక మంగళవారం తొమ్మిదో తరగతిలో బోర్డు మీద పువ్వు బొమ్మ గీస్తూ, ఆకర్షక పత్రాల దాకా వచ్చి, అలాగే కూలిపోయాను. కళ్ళు తెరిచేసరికి కుప్పం ఆసుపత్రిలో ఉన్నాను. కడుపులో పుండు అన్నారు. ఖాళీ కడుపు మీద టీలు తాగి తాగి తెచ్చుకున్నదన్నారు. మా ఆయన అంగడి మూసేసి పరిగెత్తుకొచ్చాడు. మదనపల్లెకు తిరిగొచ్చే దారి పొడుగునా నా చెయ్యి వదల్లేదు. ఇంటికి వెళ్ళాక మా అత్త నన్ను చూసి ఏడ్చింది. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని తీర్పు చెప్పింది. "ఇంక సాలు. పానం కంటే ఉద్యోగం గొప్పది కాదు. రాసిచ్చేసి ఇంట్లో ఉండు." ఆమె మాటలో దుర్మార్గం లేదు. ఆ వయసులో పసిబిడ్డను ఎత్తుకుని తిరిగి తిరిగి ఆమె నడుమూ పడిపోయింది. మా ఆయన నేల చూస్తూ కూర్చున్నాడు. నాకూ ఎదురు చెప్పాలనిపించలేదు. నిజం చెప్పాలంటే, మంచం మీద పడుకుని బిడ్డను పక్కలో వేసుకున్నప్పుడు ఇదే బాగుందనిపించింది. కానీ వాడు నిద్రపోగానే, ఆ తొమ్మిదో తరగతికి మిగతా పువ్వు ఎవరు గీసి చూపిస్తారన్న ఆలోచన వచ్చి, గోడ వైపు తిరిగి దుప్పటి నోటికి అడ్డం పెట్టుకున్నాను.

ఆదివారం పొద్దున వదిన దిగింది. చెప్పులు విప్పుతూనే విషయం విన్నది. నా మంచం దగ్గరికొచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, వాళ్ళమ్మ వైపు తిరిగింది. "ఏందిమా, ఈ పిల్ల ఉద్యోగం మానేస్తాందంట?"

"మానక? పడి సచ్చేదాకా సెయ్యల్లనా?" అంది మా అత్త.

"ఉద్యోగం సేసి పడిపోయిందా, తినక పడిపోయిందా? తినక పడిపోతే తిండి పెట్టల్ల గానీ ఉద్యోగం పీకేస్తే ఎట్ల?"

"ఆడ ఎవరుండారే పెట్టేదానికి? నువ్వు పోతావా?"

"పోతా."

మా అత్త విసురుగా ఏదో అనబోయింది. వదిన గొంతు ఒక్కసారిగా తగ్గింది. ఆ గొంతు అంత తగ్గగలదని నేనెన్నడూ అనుకోలేదు. "మా, నేను పదిలో ఫస్టు క్లాసులో పాసయినా. నీకు గుర్తుండాదా? అప్పుడు మనముండేది పుంగనూరులోనే కదా, కాలేజీకి ఆడ నించి మదనపల్లెకు బస్సెక్కి పోవల్లని నాయన ఒద్దన్న్యాడు. నువ్వు ఆ పొద్దు వంటింట్లో నిలబడి వింటా ఉంటివి. నాకోసరం అడిగేటోళ్ళు ఒక్కరు లేకపోయిరి. ఈ పిల్లకు నేనుండాను, నేనడుగుతా."

మా అత్త కొంగు భుజం మీదికి లాక్కుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. చాలాసేపటికి లోపల్నుంచి, "ఇద్దరికీ పాలు కాస్తాండా, తాగి, ఒళ్ళు తేరుకున్నాక పోండి" అన్న మాట మాత్రం వినిపించింది. మా ఆయన అప్పుడు తలెత్తి, వాళ్ళక్కను చూశాడు. ఆ చూపులో ఉన్న కృతజ్ఞత నాది కూడా.

డాక్టరు చెప్పినన్నాళ్ళు విశ్రాంతి తీసుకున్నాక వదిన నాతో కుప్పం వచ్చింది. అంగడినీ కూతుర్నీ వాళ్ళాయనకు అప్పజెప్పి, ఒక సంచీలో బట్టలు, ఇంకో సంచీలో పటకారు, చెనిక్కాయలు, నెయ్యిడబ్బా పెట్టుకుని వచ్చింది. డాక్టరు కారం ముట్టొద్దన్నాడు గనక మిరపకాయ లేని ఊరిబిండి నూరి, రుచి చూసి, "ఇంత పాపం ఎవురికీ రాకూడదు" అని నవ్వి, దాంట్లో కాస్త పెరుగు, జీలకర్ర కలిపింది. నన్ను స్టవ్వు ముందు కూర్చోబెట్టి చేయించింది. అలసందలు ముందురోజే నానెయ్యాలి. పొద్దున లేవగానే ఉడకేస్తే స్నానం అయ్యేలోపల మెత్తబడతాయి. ఉర్లగడ్డ నీళ్ళోడితే బ్రెడ్డు చప్పబడిపోతుంది, అందుకని మెదిపాక పెనం మీద కాసేపు తిప్పి తడి ఆరనివ్వాలి. పలకలకు నెయ్యి రాసి, కూర మధ్యలో కుప్పగా పెట్టి, అంచులు వదిలెయ్యాలి. మంట చిన్నగా ఉండాలి. "తొందరపడి పెద్దమంట పెడితివా, పైన బొగ్గు, లోపల సల్లది. మొగుళ్ళూ ఇంతే" అని కన్ను గీటింది. ఇంటి యజమానురాలు తమిళం కలిసిన తెలుగులో అదేం వంటని అడిగితే ఆమెకూ ఒకటి కాల్చి ఇచ్చింది. అక్కడున్న కొద్దిరోజుల్లోనే ఆ వీధిలో నాకంటే వదినకే ఎక్కువమంది తెలిసిపోయారు.

తిరిగి వెళ్ళేముందు రోజు, "నీ బడి ఒకసారి సూస్తానే" అంది. తీసుకెళ్ళాను. తొమ్మిదో తరగతి గదిలో వెనక బెంచీ మీద, అమ్మాయిల పక్కన ఇరుక్కుని కూర్చుంది. నేను సగంలో ఆపిన పువ్వును మళ్ళీ మొదటి నుంచి గీశాను. కేసరాలు, అండకోశం, పుప్పొడి, అన్నీ చెప్పాను. గంట కొట్టాక వదిన బయటికొచ్చి, కుళాయి దగ్గర మొహం కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంటూ, "ఇంట్లో నీ గొంతు ఇంత గట్టిగా ఎన్నడూ యినలేదే మ్మే" అంది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను చూడనట్టు నటించాను. "బాగా సెప్తాండావు" అని ఇంకోమాట అని, గేటు వైపు గబగబా నడిచింది.

ఆ తర్వాత నేను ఖాళీ కడుపుతో బడికి వెళ్ళింది లేదు. పుండు మానింది. మా అత్త నన్ను ఉద్యోగానికి వెళ్ళమని నోటితో ఎన్నడూ అనలేదు గానీ, ప్రతి ఆదివారం సాయంత్రం నా సంచీలో బాగుచేసిన అలసందలు, వేయించి పొట్టు తీసిన చెనిక్కాయలు డబ్బాల్లో కనిపించేవి. కొన్నేళ్ళకు బి.కొత్తకోటకు, ఆ తర్వాత మదనపల్లెకే బదిలీ దొరికింది. హెడ్మిస్ట్రెస్సుగా రిటైరయ్యాను. నేనింకా ఉద్యోగంలో ఉండగానే వదిన కూతురు పది పాసయింది. ఆ పిల్ల పుస్తకాల సంచీ భుజాన వేసుకుని పుంగనూరులో బస్సెక్కి రోజూ మదనపల్లె కాలేజీకి వచ్చేది. మొదటిరోజు వదిన కూడా బస్సులో వచ్చింది. కాలేజీ గేటు దగ్గర కూతుర్ని దింపి, మా ఇంటికొచ్చి, మంచినీళ్ళు తాగి, చాలాసేపు నవ్వుతూ కూర్చుంది. ఆ పిల్ల ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తోంది.

పోయిన నెల పుంగనూరు వెళ్ళాను. వదినకు మోకాళ్ళు పట్టేశాయి. అంగట్లో కుర్చీ వేసుకుని కూర్చుని, అక్కణ్నుంచే అందరి మీదా కేకలు వేస్తోంది. కాఫీ తాగుతూ నేను ఆ ఆదివారం సంగతి ఎత్తాను. వాళ్ళమ్మ ముందు ఆమె అన్న మాటలు, ఒక్కటీ పొల్లు పోకుండా, ఆమెకే అప్పజెప్పాను. వదిన నోరు తెరుచుకుని విన్నది. "నేనట్ల అంటినా? మాయమ్మ ముందరనా? ఉత్తదే మ్మే, నువ్వు ఎవురి మాటో నాకు తగిలిస్తాండావు" అంది. ఎంత చెప్పినా ఒప్పుకోలేదు. కుప్పం అంటే ఆమెకు గుర్తున్నది దోమలు, సన్నగా వచ్చే కుళాయి నీళ్ళు, నేను నిద్రలో పళ్ళు కొరకడం. అంతే. నేనింక వాదించలేదు. ఇన్నేళ్ళలో ఆమె ఆ ఒక్క రోజును మరిచిపోగలిగింది. నా ఏళ్ళన్నీ మాత్రం ఆ రోజు మీదుగానే నడిచి ఇక్కడిదాకా వచ్చాయి.