మూరెడు దూరంలో దారం

ఆయన పని రఫూ. బట్టకు పడ్డ చిల్లును, అక్కడ చిల్లనేదే లేనట్టు దారంతో నేసి పూడ్చేస్తాడు. వీధిలో మాత్రం అందరూ వాసన మావయ్య అంటారు. చిన్నప్పటినుంచీ దూరం ఆనని కళ్లు. పనిలో కూర్చుంటే కళ్లజోడు తీసి పక్కన పడేసి, బట్టను ముక్కుకు బెత్తెడు దూరంలో పట్టుకుంటాడు. చూసేవాళ్లకు కోటు వాసన చూస్తున్నట్టే ఉంటుంది. నలభై ఏళ్లు అలాగే నెట్టుకొచ్చాడు.

అరవై దాటాక రెండు కళ్లకూ శుక్లాలు వచ్చాయి. దూరానికీ దగ్గరకీ ఒక్కటే సరిపోతుందని డాక్టరమ్మ అంటే, ఆపరేషన్ చేయించుకుని కళ్లలో మల్టీఫోకల్ లెన్సులు వేయించుకున్నాడు. నెల తిరిగేసరికి ఎదురు మేడ మీద ఆరేసిన చొక్కా గుండీలు లెక్కపెడుతున్నాడు. వీధిదీపాల చుట్టూ వలయాలు కనబడుతున్నాయి. కనబడనీ, దీపాలతో నాకేం పని అన్నాడు.

"మరి నా ముడతలు కనబడుతున్నాయా?" అంది భార్య.

"అవెప్పుడూ కనబడేవే. ఆ మాట అంటే కూడు పెట్టవని నోరు మూసుకున్నా."

ఆ సంబరం కొట్టు తెరిచేదాకానే. మొదటి పని ఓ లాయరు నల్లకోటు, మోచేతి దగ్గర చిల్లు. అలవాటుగా ముక్కు దగ్గరకు తెచ్చుకున్నాడు. సూది లేదు, దారం లేదు, అంతా పొగ. ఇంకా దగ్గరకు లాక్కున్నాడు. ఇంకా పొగ. పాత జోడు పెడితే కళ్లు తిరిగాయి. ఉన్న చూపు ఊడగొట్టుకున్నాను, చేతికొచ్చిన ఒక్క విద్యా పోయింది అని మూడు రోజులు లోలోపలే కుమిలాడు.

నాలుగో రోజు భార్య పట్టేసింది.

"కోటులో మొహం పెట్టుకుని ఏడుస్తున్నారా ఏంటి?"

"చిల్లు కనబడట్లేదే."

"ఇంత బొక్క కనబడట్లేదా? ఇటివ్వండి!" అని కోటు లాక్కుని ఎదురుగా పట్టుకుంది.

ఆ దూరంలో పోగులన్నీ విడివిడిగా తేలాయి. అడ్డం ఏదో, నిలువు ఏదో తెలిసిపోతోంది.

"ఆగు! కదిలావంటే ఊరుకోను."

"నేనేమన్నా కోటు తగిలించే కొక్కేన్నా?"

మర్నాడు విషయం విని డాక్టరమ్మ నవ్వేసింది. "ఆ బెత్తెడు చూపు మీ కంటి లోపం పెట్టిన భిక్ష, బాబాయిగారూ. లోపంతోపాటే అదీ పోయింది. దగ్గరంటే చదివే దూరం, అంటే మూరెడని ముందే చెప్పాను కదా?"

"చెప్పారమ్మా. నేను చదివేవాణ్ణి కాదు కదా, ఆ మాట నాక్కాదనుకున్నా."

"వెలుతురు మాత్రం బాగా ఉండాలి."

బల్ల ఎత్తు పెంచి కిటికీ పక్కకు జరిపాడు. కళ్లకు కొత్త దూరం తెలిసిపోయింది గానీ చేతులకు తెలియడానికి ఇరవై రోజులు పట్టింది. వేళ్లన్నీ పొడుచుకున్నాడు. లాయరు కోటు మూడుసార్లు విప్పి మళ్లీ నేశాడు. మూడోసారికి తన పని తనకే నచ్చింది. నల్ల బట్ట మీద నల్ల దారం ఇప్పటికీ మధ్యాహ్నపు ఎండలోనే ముట్టుకుంటాడు. మబ్బు పడితే పక్కన పెట్టేస్తాడు.

తల ఎత్తి కుట్టడం వల్ల మెడనొప్పి వదిలింది. ఒక్కటే చిక్కు. కుడుతూ కుడుతూ వీధిలో పోయేవాళ్లందర్నీ పలకరిస్తాడు. పని నత్తనడక నడుస్తోంది.

"ఆ కిటికీ మూసేస్తే గానీ మీరు కుట్టరు," అంటుంది భార్య.

"వెలుతురు పోతుందే," అంటాడు, చేతిలో సూది ఆపి, ఎవరికో చెయ్యి ఊపుతూ.