గోడకు తిప్పిన బొబ్బెర్లు

మొన్న సెలవుకని జనగామలో మా ఇంటికి వచ్చిన మనవరాలు, గారెలు తినాలనిపించి బజారు నుంచి బొబ్బెర్ల ప్యాకెట్టు తెచ్చింది. హైదరాబాదులో ఏదో ప్రయోగశాలలో పని దానిది. నిద్రను చంపే మందులు మెదడులో నరాల కణాలను ఎట్లా పాడుచేస్తాయో, వాటిని ఎట్లా కాపాడుకోవచ్చో ఎలుకల మీద చూస్తారట. ఒళ్ళు వేడెక్కితే ఆ మందు చేసే చెరుపు ఎక్కువవుతుందట, చల్లగా ఉంచితే కొంత తగ్గుతుందట. అది గింజలు పళ్ళెంలో పోస్తూ మాటవరసకు చెప్పిందే గానీ, నాకు మా అన్న గుర్తొచ్చాడు. ఆ గింజ మీకు తెలియనిదా, తెల్లటి ఒంటికి ఒకటే నల్లటి కన్ను.

కేసముద్రంలో మా పుట్టింటివాళ్ళది గింజల దుకాణం. అరవై తొమ్మిది ఉద్యమంలో కాలేజీలు మూతపడి మా అన్న చదువు ఒక ఏడాది గంగపాలైంది. మరుసటి ఎండాకాలం వరంగల్ నుంచి ఇంటికొచ్చి, పోయిన ఏడాదిని కూడా కలిపి చదివేస్తానన్నట్టు పుస్తకాల ముందు కూర్చున్నాడు. దోస్తెవరో నిద్ర రాకుండా బిళ్ళలు ఇచ్చాడట, ఆ సంగతి మాకు తెలియదు. మాకు తెలిసిందల్లా పిల్లవాడు మారాడని, అదీ మంచికే మారాడని. అన్నం మీద ధ్యాస లేదు, ఒక్క ఆవులింత లేదు. పుస్తకం మూస్తే చాలు, గోదాములో గింజలు ఏరుతూ కూర్చునేవాడు. ఏనాడూ చేట ముట్టని మగపిల్లవాడు రాళ్ళూ పుచ్చులూ వేరుచేస్తుంటే, గింజల వ్యాపారం చేసుకునే ఇంట్లో అంతకన్నా ఏం కావాలి చెప్పండి! నాయిన మురిసిపోయి దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. జబ్బును పట్టుకుని బుద్ధి అనుకున్నాం, మా తెలివి తెల్లారినట్టే ఉంది.

రోహిణి ఎండల్లో ఒక మధ్యాహ్నం, మార్కెట్లో లారీలు కూడా కదలని వేళ, మంచినీళ్ళ చెంబు పట్టుకుని గోదాములోకి పోయాను. నేలంతా బొబ్బెర్లు. కుప్పగా కాదు, వరుసలు వరుసలుగా, గడప నుంచి వెనుక గోడ దాకా. ప్రతి గింజ కన్నూ గోడవైపే. అన్న నడుమ గొంతుకూర్చుని ఒక్కొక్క గింజనూ వేలికొసతో తిప్పుతున్నాడు. చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయింది, నోట్లో ఏమీ లేకపోయినా దవడ నములుతూనే ఉంది. నా వైపు చూడకుండానే, "జర మెల్లగ రా చెల్లె, గివన్నీ నన్నే సూస్తున్నయి. గోడకు తిప్పితెనే గుసగుస బందైతున్నది," అన్నాడు. నవ్వకండి, ఆ సద్దులేని గదిలో నాకు కూడా సన్నగా ఏదో వినపడ్డట్టే అయింది. చేతిలో చెంబు జారింది. నీళ్ళు వరుసల మీదుగా పారి, కొన్ని గింజలు దొర్లి మా వైపు కళ్ళు తిప్పాయి. అన్న పెట్టిన కేకకు ఇంటిల్లిపాదీ ఉరికొచ్చారు.

ఊళ్ళో వాళ్ళు గాలి సోకిందన్నారు. నాయనమ్మ తడిసిన చొక్కా విప్పుతుంటే జేబులోంచి బిళ్ళల పొట్లం పడింది. ఒళ్ళేమో పెనంలా కాలుతోంది. దొరికిన రైలెక్కి మానుకోట దవాఖానకు తీసుకుపోయాం. దీనికి విరుగుడు మందంటూ లేదు, బిళ్ళలు మానిపించి ఒళ్ళు చల్లబరచి పడుకోనివ్వాలి, నరాలకు ఎంత దెబ్బ తగిలిందో లేచినాకనే తెలుస్తుంది అన్నాడు డాక్టరు. నాయనమ్మా నేనూ తడిగుడ్డలు మారుస్తూ కూర్చున్నాం. ఎప్పటెప్పటి నిద్రో, శవంలా పడి ఉంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేవాళ్ళం. లేచేది మా అన్నేనా, ఆ గింజల మధ్య కూర్చున్నవాడా అన్నదే మా గుబులు. కడకు కళ్ళు తెరిచి ఆకలైతుందన్నాడు. అప్పుడు చూడాలి నాయనమ్మ ఏడుపు!

పరీక్ష పోయింది, మనిషి దక్కాడు. తర్వాత దుకాణం నడిపాడు, పెళ్ళాం పిల్లలను చల్లగా చూసుకున్నాడు. బొబ్బెర్లను మాత్రం నాయనమ్మ మళ్ళీ గడప తొక్కనివ్వలేదు.

ఇప్పుడు గింజలన్నీ ఏరి శుభ్రంచేసి ప్యాకెట్లలోనే వస్తున్నాయి. చేట చుట్టూ నలుగురు కూర్చునే పనీ లేదు, పక్కవాళ్ళ చేతులు ఎట్లా ఆడుతున్నాయో చూసే తీరికా లేదు. మేం చూసీ పోల్చుకోలేకపోయాం, నిజమే, కానీ కళ్ళెదుటే ఉన్నాడు గనుక దక్కించుకున్నాం.

మనవరాలు వంటింట్లోకి పోయింది. కంటి ఆపరేషను చేయించుకుని మా ఇంట్లోనే ఉంటున్న అన్న, తల పూర్తిగా నెరిసినవాడు, పళ్ళెం ముందుకు వచ్చి కూర్చున్నాడు. పళ్ళెం తీసేద్దామని నేను లేచేలోపే వేలు కదిలింది. అంచున పడ్డ ఒక్క గింజను మెల్లగా గోడవైపు తిప్పి, నన్ను చూసి నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే పోయి అన్న నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను.